పదో రాయి నుంచి పదహారో రాయి దాకా

జూన్ 2, సోమవారం

ఈ రోజు నేను గొప్పవాణ్ణయ్యాను. మధ్యాహ్నం భోజనానికి ముందే ఆ పని అయిపోయింది.

ఎలా అయ్యానో రాసిపెట్టుకుంటాను. రేపు ఎవరూ నమ్మకపోతే నేనైనా నమ్ముకోవచ్చు. హద్దుల కమిషన్ మా సర్వే ఆఫీసుకు వచ్చింది. కొత్త రాష్ట్రం ఇస్తున్నామని ప్రకటించి ఏడాది దాటింది గానీ, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంతవరకు ఎవరికీ తెలియదు. రెండు జిల్లాల మధ్య పాత హద్దే కొత్త రాష్ట్రానికి హద్దు అన్నారు. బాగానే ఉంది. ఆ పాత హద్దు కాగితాలు రికార్డు గదిలో ఉండేవి. రాష్ట్రం కావాలన్నవాళ్లు వచ్చి సగం గది తగలబెట్టారు. వద్దన్నవాళ్లు మాత్రం ఊరుకుంటారా? మిగతా సగం తగలబెట్టారు. భూమి ఇద్దరికీ తల్లేనట. తల్లి అంటూనే రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరికి వారు తమ పేరునే కావాలంటారు.

కాలకుండా మిగిలింది ఒకే ఒక్క పుస్తకం. ఇరవై రెండేళ్ల కిందట నేను రాసిన ఫీల్డ్ బుక్, హద్దు కొలతల పుస్తకం. కొత్త సర్వేయర్లకు పాఠాలు చెప్పే హాల్లో గాజు బీరువాలో ఉండటం వల్ల అది బతికిపోయింది. దాని కింద 'ఫీల్డ్ బుక్ ఇలా రాయవలెను' అని చీటీ అంటించి ఉంటుంది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క బురద మరక లేదు. అంకెలన్నీ అచ్చు వేసినట్టు గుండ్రంగా ఉంటాయి.

కమిషన్ అధ్యక్షుడు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంత శుభ్రమైన రికార్డు నా సర్వీసులో చూడలేదు. దీన్నే ఆధారంగా తీసుకుందాం" అన్నాడు. అటువైపు లాయరు సరేనన్నాడు. ఇటువైపు లాయరూ సరేనన్నాడు. ఏడాదిలో వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం ఇదే మొదటిసారట. అందరూ నా వైపు తిరిగి చూశారు.

పదో రాయి నుంచి పదహారో రాయి దాకా ఉన్న పేజీ గురించి ఇక్కడ రాయాల్సిన పనిలేదు. ఆ రోజు నాకు నూట మూడు జ్వరం.

జూన్ 3

పెద్దాఫీసరు నాకు చేతులున్న కుర్చీ వేయించాడు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. నాకూ చేతులుంటాయని ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

జూన్ 5, గురువారం

మా ఆవిణ్ణి మాటల్లో పెట్టి అడిగాను.

"ఇరవై రెండేళ్ల కిందట అక్కావాళ్ల ఊరికి సర్వేకి వెళ్లాను, గుర్తుందా? వానలు పడుతున్నాయి. నూట మూడు జ్వరంతో తిరిగొచ్చాను."

"నూట మూడా? తొంభై తొమ్మిది దాటితే చాలు, వీలునామా రాస్తాను కాగితం తెమ్మంటారు మీరు. నూట మూడొస్తే నాకు గుర్తుండదా?"

నూట రెండు అయ్యుంటుంది. అంకెల విషయంలో నేను మొండిపట్టు పట్టను.

సరే, రాస్తాను. ఇది చదివేది నేనొక్కణ్ణే కదా. ఆ ఊరి దగ్గర పది నుంచి పదహారు దాకా హద్దు రాళ్లు మా అక్క పొలం చుట్టూ తిరిగి పోతాయి. అక్క ఇల్లు, పెరటి తలుపు, బావి, ఆ తర్వాత పొలం, అవన్నీ దాటాక మెట్ట మీద రాళ్లు. ఆ రోజు వాగు పొంగి పొలమంతా బురదయింది. జ్వరం సంగతి సరేసరి. పదో రాయి దగ్గరికి వెళ్లాను, పదహారో రాయి దగ్గరికి రోడ్డు మీదుగా వెళ్లాను. మధ్యలో ఉన్న ఐదింటి దగ్గరికి వెళ్లలేదు. అక్క వాళ్ల వరండాలో కూర్చుని, పదికీ పదహారుకూ మధ్య స్కేలు పెట్టి గీత గీశాను. దాన్ని ఆరు సమాన భాగాలు చేశాను. సర్వే గొలుసుకు వంద లింకుల లెక్కన, ఒక్కోటి నాలుగు గొలుసుల ఇరవై లింకులు.

సర్వేయర్లలో ఈ పని చేయనివాడు ఎవడో చేయెత్తమనండి. చేయెత్తినవాడు అబద్ధాలకోరు.

ఆ గీత ఇప్పుడు రాష్ట్రాల హద్దవుతోంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇటువైపు లాయరు వెనకున్న పెద్దమనిషికి రాళ్ల క్వారీ మిగులుతుంది, అటువైపు పెద్దమనిషికి వాగు నీళ్లు దక్కుతాయి. నా పేజీ అంటే ఇద్దరికీ అంత ముద్దెందుకో ఇప్పుడు తెలిసింది.

అక్క పొలం మధ్యలో ఉంది. అంతే.

జూన్ 9, సోమవారం

అక్క ఆఫీసుకు వచ్చింది. చేతిలో నోటీసు. నా కొత్త కుర్చీ చూసి ముందు సంతోషపడింది. "బాగుందిరా, నడుం ఆనుతుందా?" అంది. ఆ తర్వాత కాగితం నా ముందు పెట్టింది.

"ఒరేయ్, గైరుహాజరు యజమాని అంటే ఏంట్రా?"

"కొత్త చట్టం అక్కా. హద్దుకు అటు పొలం, ఇటు ఇల్లు ఉంటే, ఆ పొలానికి యజమాని అక్కడ లేనట్టు లెక్క. పొలం కొత్త రాష్ట్రానిదైపోతుంది."

"నేనెందుకు లేను? పెరటి తలుపు తీస్తే బావి. రోజూ అక్కడే బట్టలు ఉతుక్కుంటాను. గైరుహాజరుగా ఉతుకుతున్నానా?"

నవ్వాను. నవ్వాల్సిన మాటే అది. నవ్వకుండా కూర్చుంటే ఇంకోలా ఉండేది.

"ఆ పుస్తకం నువ్వు రాసిందేనటగా. నోటీసుతో పేజీ నకలు ఇచ్చారు. అక్షరం చూడగానే పోల్చుకున్నాను. అంత గుండ్రంగా నువ్వు కాక ఎవరు రాస్తారు?"

"ఆ రోజు నాకు జ్వరం అక్కా."

నా ముఖంలోకి చూసింది. "అవున్లే, పాపం" అంది. టీ తెప్పిస్తానంటే వద్దంది, బస్సు వెళ్లిపోతుందని. బస్సుకు ఇంకా గంట ఉంది.

జూన్ 13, శుక్రవారం

కమిషన్ హద్దు చూడటానికి వెళ్లింది. నేనూ జీపులో ఉన్నాను. ముందు సీట్లో.

అధ్యక్షుడివి కొత్త బూట్లు. పొలంలో నాలుగడుగులు వేసి, బురదను చూసి, తిరిగి జీపెక్కాడు. అక్కణ్ణించి మిగతా రాష్ట్రాన్ని వేలితో చూపించాడు. ఆ విషయంలో ఆయన నాకు తగిన శిష్యుడు.

నా పుస్తకం ప్రకారం పదమూడో రాయి అక్క బట్టలుతికే బండ పక్కన ఉండాలి. అక్కడ లేదు. రెండు వందల అడుగులు అవతల, మెట్ట మీద ఉంది. పన్నెండూ అంతే, పద్నాలుగూ అంతే. లాయర్లు అటూ ఇటూ చూశారు. ఇప్పుడైనా పుస్తకం తప్పంటారని ఎదురుచూశాను. భయంతోనో ఆశతోనో చెప్పలేను.

అధ్యక్షుడు ఒక్క నిమిషం ఆలోచించాడు. "రాళ్లను ఎవరైనా జరపగలరు. పుస్తకాన్ని జరపలేరు కదా" అన్నాడు. దూరాలన్నీ సమానంగా ఉండటం చూసి, "ఏం కచ్చితత్వమయ్యా నీది!" అని నా భుజం తట్టాడు. రాళ్లు పాతిన మనుషులెవరూ అలా సమానంగా పాతరని ఆయనకు తెలియదు. లాయర్లకు తెలుసు. నాకూ తెలుసు.

కాబట్టి రాళ్లు జరిపిందెవరు? లాభం ఎవరికో వాళ్లే. అక్కకు రెండో నోటీసు అక్కడికక్కడే రాశారు. హద్దు రాళ్లు జరిపి భూమి ఆక్రమించుకున్నందుకు. ఆవిడ పెరటి తలుపు దగ్గర నిలబడి, నోటీసు తెచ్చిన గుమాస్తాకు మంచినీళ్లిచ్చింది.

జూన్ 14

నూట ఒకటి. అంతకు తక్కువైతే ఉండదు.

జూన్ 17, మంగళవారం

చైన్‌మాన్ ఇంటికి వెళ్లాను. ఇరవై ఏళ్లు నా ముందు గొలుసు లాగిన మనిషి, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఊరికే పలకరించి వద్దామని వెళ్లాను. అతనికేమైనా గుర్తుందేమో చూద్దామని కాదు.

"గుర్తులేకేం అయ్యా. ఆ రోజు నేను అసలు గొలుసే విప్పలేదు కదా. మీరూ మీ బావగారూ పేక పంచుకున్నారు, నేను పశువుల కొట్టంలో గడ్డి మీద పడుకున్నాను. అంత హాయిగా సాగిన సర్వే మళ్లీ నా సర్వీసులో జరగలేదు."

"నాకు జ్వరం కదా?"

"ఉందేమో. నాలుగు ఆటలు మాత్రం వరసగా గెలిచారు."

బావ మరీ పేలవంగా ఆడేవాడు. జ్వరంతో కూడా గెలవొచ్చు.

లేవబోతుంటే అతనే అన్నాడు. "రాళ్లు మీ అక్కగారే జరిపారంటున్నారటగా? తవ్వి చూస్తే పోలా? పూర్వం రాయి పాతేముందు కింద బుట్టెడు బొగ్గు పోసేవాళ్లు. రాయినైతే ఎవడైనా పెళ్లగించుకుపోతాడు. కింద ఉన్న బొగ్గును ఎవడు మోసుకుపోతాడయ్యా? అది కుళ్లదు, చెదలు పట్టదు."

ఆ సంగతి నాకు తెలియకపోవడమేమిటి? అదే హాల్లో, ఆ గాజు బీరువాకు వీపు ఆనించి, పదకొండేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతున్న పాఠం అది. రాయి కదిలిందని అనుమానం వస్తే బొగ్గు చూడండి అని.

"చూద్దాంలే" అన్నాను.

జూన్ 19, గురువారం

విచారణ. హాలు నిండా జనం. గోడకు రెండు వైపులా రెండు జెండాలు, మధ్యలో బల్ల మీద నా పుస్తకం.

అధ్యక్షుడు అడిగాడు: "ఈ దూరాలు మీరు స్వయంగా నడిచి కొలిచినవేనా?"

"నడిచాను సార్. అంగుళం అంగుళం."

ఆ అంగుళం ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు. ఆయన అడగలేదు. నేనే ఊరికే కలిపాను.

తర్వాత అక్కను పిలిచారు. నిలబడి మాట్లాడమన్నారు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

"ఈ పుస్తకం తప్పని చెప్పడానికి మీ దగ్గర సాక్ష్యం ఏమైనా ఉందా?"

అక్క నా వైపు చూసింది. ఆ రోజు వరండాలోకి మూడుసార్లు మంచినీళ్లు తెచ్చింది తనే. మూడోసారి నా భుజం మీదుగా వంగి, "ఒరేయ్, పొలంలోకి వెళ్లకుండానే రాసేస్తున్నావేంట్రా?" అని నవ్వింది కూడా. ఆ మాట ఇప్పుడు చెప్తే చాలు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"లేదండీ" అంది అక్క. "మా తమ్ముడు తప్పు రాయడు. రాళ్లే జరిగుంటాయి."

"ఎవరు జరిపారు?"

"మా ఆయనే అయ్యుంటాడు. పోయి ఆరేళ్లయింది. ఆయన ఏమీ అనుకోడు లెండి."

గుమాస్తా రాసుకున్నాడు. బావ ఊళ్లో ఎవరి గట్టు మీదా అడుగు పెట్టేవాడు కాదు. పక్క పొలంలో రాలిన కాయ తనవైపు దొర్లినా తిరిగి అటు వేసేవాడు. ఆ మనిషిని ఈ రోజు అధికారికంగా దొంగను చేశారు. పేజీకి నంబరు కూడా వేశారు.

తీర్పు: పుస్తకమే హద్దు. అభ్యంతరాలకు గడువు జూన్ 30, సాయంత్రం అయిదు.

జూన్ 20

సెలవు పెట్టాను. కారణం: జ్వరం.

జూన్ 21

సెలవు. కారణం: పైదే.

జూన్ 23, సోమవారం

అక్క ఇంటికి వెళ్లాను. పెరటి తలుపుకూ బావికీ మధ్య సున్నంతో తెల్లగా గీత గీశారు. ఎంత తిన్నగా ఉందో! నా స్కేలు గీతే, కొంచెం పెద్దది చేశారు. గీతకు అవతల, బావి పక్కన, అక్క కుర్చీలోనే ఒక కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు. కొత్త రాష్ట్రం ఇంకా పుట్టలేదు గానీ, దానికి అప్పుడే కాపలా వచ్చింది. అక్క నీళ్లు తోడుకోవడానికి వెళ్తే, "అమ్మా, సంతకం" అంటూ పుస్తకం చాపుతున్నాడు. బిందెకు ఒక సంతకం.

నాకు అన్నం పెట్టింది. ఎప్పట్లా రెండోసారి వడ్డించేటప్పుడు అడగలేదు.

"మీ బావ పేరు చెప్పానని కోపమొచ్చిందా?"

నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

"బతికున్నవాడికి ఎనిమిది నెలల సర్వీసుంది. పోయినవాడికేముందిరా? నువ్వు ఇవన్నీ మనసులో పెట్టుకోకు. రిటైరవు. నేను వీధిలో కుళాయి దగ్గర పట్టుకుంటాను, నలుగురితో మాట్లాడినట్టూ ఉంటుంది."

"పొలం?"

"మోకాళ్లు ఎలాగూ వంగట్లేదు." అలా అని వెంటనే లేచి గిన్నెలు తీసింది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు కూడా రాలేదు.

నాకు సిగ్గేసింది. దీన్ని చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకావడం లేదు. నా అక్క నా కోసం మొగుణ్ణి దొంగను చేసింది, నేను అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

ఆ సర్వే రోజు ఎండలో తిరిగి వచ్చాను కాబట్టి ఒళ్లు కాస్త వెచ్చగానే ఉండి ఉంటుంది.

ఎండ ఎక్కడిది? వాన.

జూన్ 26

పెద్దాఫీసరు పిలిచి, నా పేరు మెడల్‌కు పంపుతున్నామన్నాడు. రెండు రాష్ట్రాలూ చెరొకటి ఇస్తాయట. ముందు ఎవరు ఇవ్వాలన్న దగ్గర గొడవ నడుస్తోంది.

జూన్ 28, శనివారం

మా ఆవిడకు చెప్పేశాను. మొత్తం. ఆవిడ కూరగాయలు తరుగుతూ విని, "ఇదా?" అంది.

"తెలుసా నీకు?"

"పేకాట సంగతి మీ బావే చెప్పాడు, ఆ ఏడాదే. ఓడిపోయానని ఎంత బాధపడ్డాడో. గీత సంగతి తెలియదు." ఇంకో ఉల్లిపాయ అందుకుని అడిగింది. "పెన్షన్ పోతుందా?"

"పోవచ్చు."

కత్తి పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయలవి కాదు. "ముప్ఫై ఏళ్లు దానికోసమే కదండీ చూశాం" అంది. నేను చెప్పులు వేసుకుంటుంటే మాత్రం ఇద్దరికి సరిపడా అన్నం డబ్బా తెచ్చిచ్చింది. "చైన్‌మాన్ కూడా వస్తాడుగా" అంది. నేను ఎక్కడికి వెళ్తున్నానో నేనింకా ఆవిడకు చెప్పలేదు.

కానిస్టేబులు గీత దగ్గర ఆపాడు. "అటు వెళ్లాలంటే పర్మిషన్ కావాలి."

"ఆ గీత గీసింది నేనే బాబూ" అన్నాను. అతను లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఈ జన్మలో ఇంత అన్యాయంగా సెల్యూట్ అందుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

మెట్ట మీద పదకొండో రాయి దగ్గర తవ్వాం. మోకాలి లోతు. చైన్‌మాన్ గునపం ఆపి, చేత్తో మట్టి తీసి నా ముందు పట్టాడు. బొగ్గు. నల్లగా, గలగలలాడుతూ, నిన్న పోసినట్టే ఉంది. పన్నెండు కింద బొగ్గు. పదమూడు కింద బొగ్గు. పద్నాలుగు, పదిహేను. ఒక్క రాయీ ఒక్క అంగుళం కూడా కదల్లేదు. నేను విచారణలో చెప్పిన అంగుళం ఇక్కడ పనికొచ్చింది.

తర్వాత గొలుసు విప్పాం. ఇరవై రెండేళ్లు ఆలస్యంగా. నేను మూడుసార్లు జారిపడ్డాను, చైన్‌మాన్ ఒకసారి నవ్వాడు. కొలతలు:

పది – పదకొండు: 5 గొలుసుల 31 లింకులు
పదకొండు – పన్నెండు: 3 గొలుసుల 87. కాదు, 78. మళ్లీ కొలిచాం, 78.
పన్నెండు – పదమూడు: 6 గొలుసుల 4
పదమూడు – పద్నాలుగు: 2 గొలుసుల 95 (మధ్యలో ముళ్లకంప, పక్కనుంచి కొలిచాం)
పద్నాలుగు – పదిహేను: 5 గొలుసుల 12
పదిహేను – పదహారు: 4 గొలుసుల 66 లేక 68. చీకటి పడుతోంది, 66 అని రాస్తున్నాను.

ఒక్కటీ ఇంకోదానితో సమానంగా లేదు. ఈ పేజీ నిండా నల్లటి వేలిముద్రలు, కింద బురద. కొత్తవాళ్లకు చూపించడానికి ఏమాత్రం పనికిరాదు.

అక్క పెరటి తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. వెళ్లేటప్పుడు నేను చేతులు కడుక్కోవడానికి బిందె తెచ్చింది, దానికి సంతకం పెట్టి మరీ. "ఎందుకురా ఇదంతా?" అంది. గట్టిగా అనలేదు.

జూన్ 30, సోమవారం

కమిషన్ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగుంబావు అయింది.

అక్క పేరున అభ్యంతరం ఇచ్చాను. బొగ్గు ఐదు పొట్లాలు కట్టి, ఒక్కో దాని మీద రాయి నంబరు వేసి పెట్టాను. గుమాస్తా పొట్లం విప్పి వాసన చూశాడు.

"ఇవి చాలవండీ. పుస్తకం తప్పని కాగితం కావాలి."

"ఆ పుస్తకం రాసింది నేనే. తప్పని నేనే చెబుతున్నాను."

"నిజమేనని పందొమ్మిదో తేదీన చెప్పారుగా, మా దగ్గర రికార్డయింది. ఇప్పుడు నోటిమాట కుదరదు. రాతలో ఉండాలి. ఆ తేదీకి ముందునుంచీ రాసినదై ఉండాలి. అలాంటిదేమైనా ఉందా?"

సంచిలో ఈ డైరీ ఉంది.

అతను అక్కడక్కడా పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. "అధ్యక్షుడుగారి బూట్ల గురించి ఏదో ఉందే?"

"ఉంది."

"కొట్టేయండి."

"కొట్టేస్తే కొట్టివేతలున్న రికార్డంటారు. ఉండనివ్వండి."

అతను గొంతు తగ్గించాడు. "ఇది లోపలికి వెళ్తే రెండు పక్షాలూ మళ్లీ మొదటినుంచి కూర్చోవాలి. మీ ఒక్కరి పేజీ వల్ల రాష్ట్రం ఆగిపోతుంది సార్. మీ సంగతి కూడా ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ఇరవై రెండేళ్లు ఆ ఒక్క పనే చేశాను.

మా ఆవిడ గురించి రాసినవి కూడా లోపలివాళ్లు చదువుతారు. అక్క వంటింట్లోకి వెళ్లి రాకపోవడం చదువుతారు. బావ పేకాట చదువుతారు. చదవనీ. బావ కాయలు తిరిగి పక్క పొలంలోకి వేసేవాడని కూడా అందులోనే ఉంది.

చివరి పేజీలో ధ్రువీకరణ రాసి సంతకం పెట్టమన్నాడు గుమాస్తా. నమూనా ఏమీ లేదట, సొంత మాటల్లో రాయమన్నాడు. అయిదవడానికి ఇరవై నిమిషాలుంది.

ధ్రువీకరణ

ఇందులోని పేజీలన్నీ ఆయా తేదీల్లో నా చేత్తో రాసినవి. మరకలు బొగ్గువి, బురదవి. పదకొండు నుంచి పదిహేను దాకా ఉన్న హద్దు రాళ్లను నా అక్క గానీ, ఆమె భర్త గానీ జరపలేదు. ఇరవై రెండేళ్ల కిందట నేను ఆ రాళ్ల దగ్గరికి నడవలేదు, కొలవలేదు. వాళ్ల వరండాలో కూర్చుని పేకాడి, స్కేలుతో గీత గీశాను.

ఆ రోజు నాకు జ్వరం లేదు.